ఎలుక చెప్పిన రెండో మాట

 

ఈరోజు పట్టా అందుకుంటున్న ఫార్మసీ పిల్లలూ, మీకు ఒక మందు కథ చెప్పాలని వచ్చాను. దాని పేరు రిమోనబాంట్.

గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీని మెషూలం, గావోని 1964లో ఇజ్రాయెల్‌లో వేరుచేశారు. అది మెదడులో అంటుకునే రిసెప్టర్‌ను హౌలెట్, డివేన్ 1988లో ఎలుకల మెదడులో పట్టుకున్నారు. అదే సీబీ1. ఏ ప్రాణీ గంజాయి కోసమని మెదడులో చోటు ఉంచుకోదు కదా! ఆ చోటు అసలు ఎవరిదో 1992లో పంది మెదడులో తేలింది. ఆ పదార్థానికి డివేన్ మన ‘ఆనందం’ మాటతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టాడు.

1994లో సనోఫీ శాస్త్రవేత్తలు సీబీ1ను అడ్డుకునే రిమోనబాంట్‌ను ప్రకటించారు. గంజాయి ఆకలి పెంచుతుంది, ఇది తగ్గించింది. కొవ్వు మేతతో లావెక్కిన ఎలుకలు బరువు తగ్గాయి. 2006లో యూరప్‌లో ఊబకాయానికి అనుమతి వచ్చింది. వాడినవాళ్లలో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు కనిపించాయి. మానసిక సమస్యల ముప్పు దాదాపు రెట్టింపైందని తేల్చి 2008లో అక్కడ అమ్మకం ఆపించారు. 2009 డిసెంబరులో మన దేశమూ నిషేధించింది.

జంతువుల మీద చూసింది మనిషికి పనికిరాదనడానికి కొందరు ఈ మందునే సాక్ష్యంగా చూపిస్తారు. నేను ఒప్పుకోను. ఎలుకలు ముందే చెప్పాయి.

ప్లస్ మేజ్ మీకు తెలుసు. నేల నుంచి ఎత్తుగా నాలుగు దారులు, రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదిరిన ఎలుక గోడల మధ్యే ఉండిపోతుంది. రిమోనబాంట్ ఇచ్చిన ఎలుకలు అలాగే ఉండిపోయాయని 1997లోనే అచ్చయింది. 2002లో మ్యూనిక్ నుంచి ఇంకో ప్రయోగం వచ్చింది. ఒక శబ్దం వినిపించి చిట్టెలుక కాళ్లకు చిన్న షాక్ ఇచ్చారు. తర్వాత షాక్ లేకుండా శబ్దం మాత్రమే వినిపిస్తూ పోయారు. మామూలు చిట్టెలుక మెల్లగా కుదుటపడింది. సీబీ1 లేనిది, సీబీ1కు మందు అడ్డుపడినది మాత్రం ఆ శబ్దం విన్నప్పుడల్లా బిగుసుకుపోతూనే ఉన్నాయి. భయం నేర్చుకోవడానికి కాదు, నేర్చుకున్న భయాన్ని పోనివ్వడానికి ఆ రిసెప్టర్ కావాలి. నాకు ఇప్పటికీ ఆ పేపర్ చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. మనుషులు పడబోయే బాధ అందులో కనిపిస్తుంది.

భయం తగ్గినట్టు చూపిన ప్రయోగాలూ కొన్ని ఉన్నాయి, అవి దాచను. కానీ ఆ తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా ఆగాల్సింది. తూనికలో పడే మాటను విన్నాం, మూలన ముడుచుకుని చెప్పిన మాటను పక్కన పెట్టాం.

ఆ రిసెప్టర్ వెంట పరుగు ఆగలేదు. మెదడులోకి అంతగా చేరకుండా చేసిన కొత్త మందులు వస్తున్నాయి. అందులో ఒకటైన మోన్‌లునబాంట్‌తో 2024లో బరువు తగ్గింది, మోతాదు పెరిగేకొద్దీ ఆందోళన, చిరాకు, నిద్రలేమి కూడా కనిపించాయి. మీలో కొందరు త్వరలో ఇలాంటి పనిలోనే చేరతారు. ఎథిక్స్ కమిటీ మీకు లెక్కపెట్టి ఎలుకలను ఇస్తుంది. ప్రతిదీ ప్రాణమిచ్చి చెబుతుంది. బరువు తూచి బోనులో వదిలాక ఒక్క నిమిషం ఆగండి. అది ఏ మూలకు వెళ్లిందో, ఎంతసేపు కదల్లేదో రికార్డులో రాయండి.