మంచుగడ్డయు, బల్లెము విసరు భుజమును



లెక్కల పుస్తకములు వ్రాసికొను నాకు ఆటలతో పని యేమని మీరు సందేహింపవచ్చును. కారణము మన బాలురే. గుండును, చక్రమును, బల్లెమును విసరు పిల్లలు పోటీకి ముందే భుజమునకు ఐసుముక్క రాచుకొనుటయు, నొప్పి తెలియకుండ చల్లని మందు చిమ్ముకొని మరల విసరుటయు చూచుచున్నాను. ఇందు మేలెంత, కీడెంత యని చదివి తెలిసికొన్నంత విన్నవించెదను.

విసరుట మనకు క్రొత్త విద్య కాదు. అమరసింహుడు తోమరమునకు శర్వల యని మఱియొక పేరు చెప్పియున్నాడు. 2021లో టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసరి స్వర్ణపతకము గొన్నది ఆ జాతి ఆయుధముతోనే. మన తెలుగువారిలో అనకాపల్లి ప్రాంతపు రొంగలి రవి గుండు విసరుటలో 2023లో హాంగ్‌జౌ పారా ఆసియా క్రీడలయందు రజతము గెలిచి, 2024లో పారిస్ పారాలింపిక్సులో అయిదవ స్థానము పొందినాడు.

పురుషుల బల్లెము తూకము 800 గ్రాములే. దానిని దూరము పంపునది చేతి వేగము. కండరము వెచ్చగా నున్నపుడే చురుకుగా ముడుచుకొనును. అది ఒక్కొక్క డిగ్రీ చల్లబడిన కొలది దాని సత్తువ నూటికి రెండు మొదలు అయిదు పాళ్ల వరకు తగ్గునని పరీక్షకుల లెక్క. నాడులలో వార్త నడచు వేగమును తగ్గును. అంతకంటె ప్రమాదము, నొప్పి మాటుపడుట. నొప్పి కావలివాని కేక. వానిని నిద్రపుచ్చి తలుపులు తెరచియుంచు యజమాని యుండునా? మోచేతి కీలు చెడిన బాలునకు మరల బల్లెము పట్టు యోగము కలుగునో లేదో!

అయితే మంచు నిష్ప్రయోజనమా? కాదు. ఆట ముగిసిన పిమ్మట 10 మొదలు 15 డిగ్రీల నీటిలో పది పదునైదు నిమిషములు మునిగినచో మఱునాటి ఒళ్లు నొప్పులు కొంత తగ్గునని పెక్కు పరీక్షలలో తేలినది. మన కాలువ నీరు మాఘమాసమునందును అంత చల్లబడదు. చేపల బేరగాండ్ర ఐసుదిమ్మ తెచ్చి తొట్టెలో వేయక తప్పదు.

ఇందొక మెలిక కలదు. ఆస్ట్రేలియా పండితులు 2015లో ప్రకటించిన పరీక్షలో పన్నెండు వారములు బరువులెత్తినవారిలో, ప్రతి సాధన వెనుకను చన్నీటిలో మునిగినవారికి కండయు, బలమును తక్కువగా పెరిగినవి. అంట్లు కట్టు కడియమువారికి ఇది వివరింప నక్కఱలేదు. కోత పడిన చోటనే అతుకు పుట్టును. సాధనలో కండరమునకు కలుగు వాపును కొంత అట్టిదే. కావున బలము కూర్చుకొను నెలలలో తొట్టె వలదు. వరుసగా రెండు దినములు పోటీ యున్నచో మొదటి సాయంకాలము మునుగవచ్చును.

గాయమునకు విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అను నాలుగింటిని 1978లో ప్రచారమునకు తెచ్చిన అమెరికా వైద్యుడు మిర్కిన్, మంచు మానుదలను ఆలస్యము చేయవచ్చునని 2014లో తానే వ్రాసినాడు. తన మాటను తానే దిద్దుకొన్న ఆ పండితుడు నాకు పూజ్యుడు.

బేస్‌బాల్ బంతి విసరువారు ఆట నడుమ విరామములలో చేయి చల్లపఱచుకొన్నచో అలసట ఆలస్యమగునని మఱియొక పరీక్ష. కాని వారు ఒక్క ఆటలో నూఱు బంతుల వరకు విసరుదురు. బల్లెమువానికి ఆరు విసరులే. వానికి అలసటకంటె, తన వంతు వచ్చు లోపల చేయి చల్లారుటయే శత్రువు.

రోహిణికార్తె యెండలో మాత్రము నీడన కూర్చుండి, తలకును మెడకును తడిగుడ్డ వేసికొని నీరు త్రాగవలెను. చేతిని మాత్రము వెచ్చగా నుంచుకొనవలెను. పోటీ ముగిసిన పిదప మంచు పెట్టదలచినచో గుడ్డలో చుట్టి పదునైదు నిమిషములకు మించకుండ పెట్టుడు. గుండెజబ్బు గలవారు తొట్టెలో దిగరాదు. బాలురు ఒంటరిగా దిగరాదు. మోచేయి వాచి మఱునాటికి తగ్గనిచో ఐసు దుకాణమునకు గాక వైద్యునియొద్దకు తీసికొని పొండు.