ఏడాది కుక్కను ఇంటికి తెచ్చుకుంటే

కుక్కను పెంచుకుందామనుకోగానే మనసు బొద్దుగా ఉండే పసికూన మీదికే పోతుంది. నా మాట విని, ఎనిమిది నెలలు దాటిన కుక్కను కూడా ఒకసారి చూడండి.

పసికూనను రాత్రిళ్లు సైతం లేచి బయటికి తీసుకెళ్లాలి. నాలుగో నెలలో పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. ఆరేడు నెలలకు అసలు పళ్లు వచ్చేదాకా చెప్పులు, కుర్చీ కాళ్లు దేన్నీ వదలదు. టీకాలు పూర్తికాకముందే పార్వో వైరస్ సోకిందా, ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే దాన్ని ఎవరు చూస్తారు?

ఏడాది కుక్క ఎంత పెరుగుతుందో, ఎలాంటి స్వభావమో చాలావరకు కళ్లముందే కనిపిస్తుంది. కుక్కల ఆశ్రయ కేంద్రానికి రెండు మూడుసార్లు వెళ్లండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. అన్నం గిన్నె దగ్గరికి మనిషి వస్తే గుర్రుమంటుందా, మీరు కూర్చుంటే తనంతట తాను దగ్గరికొస్తుందా, గమనించండి. మన ఊరకుక్కల్లో చెవి కొస కత్తిరించి ఉంటే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు. రేబిస్ టీకా ఎప్పుడు వేశారో అడగండి, పశువైద్యుడికి చూపించండి.

మా కుక్క రాముడు వచ్చినప్పుడు వాడికి ఏడాదిన్నర. మూడు రోజులు మంచం కిందే ఉన్నాడు. మేం పిలవలేదు, లాగలేదు, పెరుగన్నం మాత్రం అక్కడే పెట్టాం. నాలుగో రోజు పొద్దున నేను పేపరు చదువుతుంటే వచ్చి, నా పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.