కొలువులో పాటల పంతులమ్మ



సంగీతం పాఠాలు చెప్పుకుంటూ సంసారం నెట్టుకొచ్చే ఆడవాళ్ళు మనకు కొత్త కాదు. సాయంత్రమయ్యేసరికి శ్రుతిపెట్టె, దాని వెనకాలే పిల్లల సరళీవరుసలు వినపడే ఇల్లు పేటకొకటి ఉంటుంది. అలాంటి ఒక పంతులమ్మ గురించే ఇవాళ చెబుతాను. కాకపోతే ఆమెది మన దేశమూ కాదు, మన కాలమూ కాదు.

ఫ్రాంచెస్కా కచ్చీనీ 1587లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో పుట్టింది. తండ్రి జూలియో పేరుమోసిన గాయకుడు, స్వరకర్త. పిల్లకు పాట ఒక్కటీ నేర్పి ఊరుకోలేదాయన. ల్యూటు, గిటారు, హార్ప్సికార్డు వాయించడం, వాటితోపాటు లాటిన్ భాష, వ్యాకరణం కూడా చెప్పించాడు. ఇంటిల్లిపాదీ కలిసి కచేరీ చేసేవారు. 1600లో ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీకి మెదీచి ప్రభువుల ఆడపడుచునిచ్చి పెళ్ళి చేసినప్పుడు, ఆ వేడుకల్లో పదమూడేళ్ళ ఫ్రాంచెస్కా కూడా పాడింది. తరువాత 1604లో కుటుంబమంతా పారిస్ వెళితే రాజుగారు ఆమె పాటకు మురిసిపోయి, తన కొలువులోనే ఉంచుకుంటానన్నాడు. ఫ్లారెన్సు ప్రభువులు ఒప్పుకోలేదు. అమ్మాయిని అడిగారా అంటే, ఆ రోజుల్లో ఎవరు అడుగుతారు చెప్పండి!

1607లో మెదీచి కొలువులోనే నెలకు 10 స్కూదీల జీతం మీద ఉద్యోగం ఇచ్చారు. ఆ సంవత్సరమే పెళ్ళి కూడా అయింది. భర్త సిన్యొరీనీ కూడా కొలువు గాయకుడే. పోను పోను ఆమె జీతం రెట్టింపయి, ఆస్థాన సంగీత విద్వాంసులందరిలోకీ ఎక్కువ జీతం ఆమెదే అయింది. మగవాళ్ళను కూడా కలిపే చెబుతున్నాను.

ఇంతకీ ఆమె పాట ఎలాంటిది? ఆమెది సొప్రానో గొంతు, అంటే ఆడవారి గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయి. అయితే పెద్ద హాలు దద్దరిల్లేటట్టు పాడే పాట కాదది. రాజమందిరంలో ఒక గది, కూర్చుని వినే కొద్దిమంది, ఒక గొంతు, పక్కన ఒక ల్యూటు. ల్యూటు వాయించేవారికి కింది స్థాయి స్వరాలు మాత్రమే రాసి ఇస్తారు, పైన నింపవలసింది వాళ్ళే మనోధర్మంతో నింపుకోవాలి. చాలాసార్లు ఫ్రాంచెస్కా తన పాటకు తనే వాయించుకునేది. మాట స్పష్టంగా వినపడాలి, ఆ మాటలోని బాధ గొంతులో పలకాలి. బరోక్ సంగీతమని ఇప్పుడు పిలుస్తున్న పద్ధతికి ఆరంభం ఇలాంటి గదుల్లోనే జరిగింది.

ఉద్యోగమంటే పాడటం ఒక్కటే కాదు. రాచబిడ్డలకూ, అంతఃపురంలోని ఆడపిల్లలకూ పాఠాలు చెప్పాలి. ఈస్టరు ముందు వచ్చే పవిత్ర వారంలో శిష్యురాళ్ళను వెంటబెట్టుకుని ప్రార్థనా గీతాలు పాడాలి. పండుగలకూ విందులకూ కొత్త పాటలు కట్టాలి. అలా కట్టినవాటిలో చాలా భాగం మనకు మిగలలేదు. ఆ పూటకు పాడారు, అక్కడితో సరి.

మిగిలినదానిలో ముఖ్యమైనది 1618లో అచ్చయిన పాటల పుస్తకం. 36 పాటలు. దైవభక్తి పాటలున్నాయి, ప్రేమ పాటలున్నాయి, కొన్ని ఆడ గొంతూ మగ గొంతూ కలిసి పాడేవి. నాకు ఈ పుస్తకంలో నచ్చేది ఒకటుంది. ఎక్కడ స్వరాన్ని గిర్రున తిప్పాలో, ఏ అక్షరం మీద ఎన్ని స్వరాలు పలకాలో ఆమె విడమరిచి రాసింది. గాయకులు తమకు తోచినట్టు అలంకరించుకునే కాలమది. పాఠం చెప్పే మనిషికే ఇలా రాయాలన్న ఆలోచన వస్తుందేమో! మన తెలుగులో సుబ్బరామ దీక్షితులుగారు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు గుర్తులు వేసి అచ్చు వేయించడం వెనక కూడా ఇలాంటి తపనే కనిపిస్తుంది నాకు.

1625లో ఆమె స్వరపరచిన రుజ్జేరో విముక్తి కథను పోలండు యువరాజు ఎదుట ప్రదర్శించారు. ఒక స్త్రీ కూర్చిన ఆపెరాల్లో నేటికి మిగిలి ఉన్నవాటిలో ఇదే మొదటిది.

ఇక సంసారం సంగతి. పెళ్ళయిన పదిహేనేళ్ళకు, 1622లో, కూతురు మార్గెరీతా పుట్టింది. 1626 చివరలో భర్త పోయాడు. మరుసటి ఏడు లూకా పట్టణంలోని రఫయెల్లీ అనే సంపన్నుణ్ణి పెళ్ళాడింది. ఒక కొడుకు పుట్టాడు. 1630లో ఆయనా పోయాడు. ఫ్లారెన్సుకు తిరిగి వద్దామంటే ప్లేగు వచ్చి దారులు మూసేశారు. కొన్నేళ్ళకు గాని రాలేకపోయింది. వచ్చాక మళ్ళీ అదే కొలువు, అవే పాఠాలు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. 1637లో ఒక నాటకంలో మార్గెరీతా రంగస్థలం మీద పాడాలని ప్రభువుల ఆజ్ఞ. పిల్లకు పదిహేనేళ్ళు. తల్లి ససేమిరా కుదరదంది. పిల్ల వేదిక ఎక్కితే కుటుంబ గౌరవం దెబ్బతింటుంది, రేపు దాని భవిష్యత్తు ఏం కావాలని ఆమె వాదన.

ఇది వినగానే, తాను పదమూడో ఏట నుంచీ రాజుల ముందు పాడిన మనిషి కూతురికి అడ్డుపడటమేమిటని మీకనిపించవచ్చు. నాకు మాత్రం అది తప్పుగా తోచదు. గదిలో పెద్దల మధ్య పాడే ఆడదాన్ని విదుషీమణి అన్న లోకమే, నాటకం ఎక్కిన ఆడదాన్ని ఇంకో పేరుతో పిలిచేది. ఈ తేడా ఆమెకన్నా ఎవరికి బాగా తెలుసు? పైగా తండ్రి లేని పిల్ల. జీతమిచ్చే ప్రభువుకు ఎదురుచెప్పడమంటే సామాన్యమా! తన పాటకు భయపడలేదు గాని, పిల్ల పేరుకు భయపడింది. ఏ తల్లికైనా ఆ లెక్క తెలియనిది కాదు.

1641లో ఫ్రాంచెస్కా కొలువు వదిలిపెట్టింది. మార్గెరీతా సన్యాసిని అయి ఫ్లారెన్సులోనే ఒక మఠంలో చేరింది. అమ్మ నేర్పిన పాట మాత్రం మానలేదు. ఆ కాలపు మఠాల్లో సన్యాసినులు కటకటాల వెనక నిలబడి పాడేవారు. బయట గుడిలో కూర్చున్నవారికి గొంతు వినపడేది, మనిషి కనపడేది కాదు.