పూటకూటింటి ముచ్చట

కడుపు నిండుటకు అన్నము చాలును. అయినను ఊరిలో నాలుగు హోటళ్ళుండగా మనుజుడు మూడింటిని దాటిపోయి నాలుగవదానిలోనే కూర్చుండుట మనమందఱము ఎఱిగిన సంగతియే. అక్కడ సాంబారు మిక్కిలి రుచిగా ఉండునా అన్న, ఒక్కొక్కనాడు ఉండదు. కాఫీ పలుచన. బల్ల ఒక కాలు పొట్టి. అయినను ఆ బల్లచుట్టు నలుగురు చేరుదురు, ఒక వార్తాపత్రిక నాలుగు ముక్కలై నాలుగు చేతులలో తిరుగును, ఒకరు పద్యమెత్తుకొందురు, మఱియొకరు దానికి వంక పెట్టుదురు. టీ చల్లాఱిపోవును, మఱల తెప్పించుకొందురు. హోటలు యజమానికి అందువలన లాభమో నష్టమో అతడే చెప్పవలెను.

ఈ విధమైన చోట్లను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పవలెనని మా సంకల్పము. మాది వేంసూరు. ఖమ్మము జిల్లాలో సత్తుపల్లికి దాపున, మన్యపు టడవులకు అంచున నున్న ఊరు. 1953వ సంవత్సరము అక్టోబరులో ఖమ్మము ప్రత్యేకమైన జిల్లా అగువఱకు మా ప్రాంతమంతయు వరంగల్లు జిల్లాలోనిదే. కావున ఓరుగల్లులోని ఒక పూటకూటింటిని గూర్చి మాటాడుటకు మాకు కొంత హక్కు కలదని భావించుచున్నాము.

ఆ పూటకూటిల్లు ‘క్రీడాభిరామము’లోనిది. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ‘ప్రేమాభిరామము’ను అనుసరించి తెలుగున వెలసిన వీథినాటక మిది. మూలము మనకు దక్కలేదు, తెలుగు దక్కినది. గ్రంథమునందు వినుకొండ వల్లభరాయని పేరున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మున్నగువారు అది శ్రీనాథుని చేతి వ్రాతయే యని వాదించిరి. ఆ వివాదము నేటి మన ఆకలికి సంబంధించినది కాదు గనుక దాటిపోవుదము.

మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దఱు మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో ఒక దినమంతయు తిరుగుదురు. వాడలు, అంగళ్ళు, దేవతల గుళ్ళు, కోడిపందెములు, పొట్టేళ్ళ పోరాటములు, చిత్తరువులు, పాటకత్తెలు — కన్నుల బడినదెల్ల పద్యమగుచుండును. ఆకలివేళకు లక్ష్మణవజ్ఝల యింటి ప్రసక్తి వచ్చును. అక్కడ ఒక రూకకు ఏమేమి పెట్టుదురో కవి ఒక్క పద్యములో లెక్క చెప్పినాడు. కర్పూరభోగి బియ్యపు అన్నము, గోధుమపిండివంట, పిడికెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, మీగడ గడ్డలతో క్రొత్త పెరుగు. ఇంటివారి పేరు, పదార్థముల పట్టిక, వెల, మూడును ఒకేచోట నున్నవి. నేటి హోటలువారు వాకిట వ్రేలాడగట్టు పలకపై ఇంతకంటె ఏమి వ్రాయుదురు? తెలుగున మొదటి హోటలు ప్రకటన ఇదియే యని ఎవరైన వాదించినచో మేము అడ్డుచెప్పము.

ఈ పద్యమును కేవలము రుచికొఱకు కాక చరిత్రకొఱకు చదువవచ్చునని మనకు నేర్పినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములకంటె జనుల తిండియు, బట్టయు, ఆటపాటలును ముఖ్యములు, కాకతీయుల కాలమును చెప్పుటకు వారు క్రీడాభిరామమును పలుమాఱు సాక్షిగా నిలిపిరి. తెలుగునకు తొలిసారిగా కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము 1955లో ఆ గ్రంథమునకే లభించినది. అప్పటికి రెడ్డిగారు కీర్తిశేషులై రెండేండ్లు గడచినవి.

అన్నమునకును కథకును ఉన్న చుట్టఱికము మన దేశమునకే పరిమితమైనది కాదు. ఆంగ్లకవి చాసరు తన కాంటర్బరీ కథలను లండను నగరమునకు దక్షిణముననున్న సదర్కులో ‘టబార్డు’ అను సత్రములో మొదలుపెట్టినాడు. యాత్రికులు అచ్చట కలిసికొందురు. దారిపొడుగున కథలు చెప్పుకొనుడనియు, మేలైన కథ చెప్పినవానికి తిరిగివచ్చిన పిమ్మట తక్కినవారందఱు కలిసి తన సత్రములోనే విందు చేయవలెననియు సత్రము యజమాని పందెము వేయును. గడుసువాడు! వెళ్ళునప్పుడే తిరుగు బేరమును కుదుర్చుకొన్నాడు. మన మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’లో వ్యాపారబుద్ధి లేదు కాని పద్ధతి అదియే. మణిసిద్ధుడు గొల్లపిల్లవానిని వెంటబెట్టుకొని కాశికి బోవుచుండును. మజిలీలో పిల్లవాడు ఊరు చుట్టివచ్చి తాను చూచిన వింతను గూర్చి అడుగును. భోజనమైన పిదప కథ. కథ చెప్పనిచో పిల్లవాడు నడువడు. ఇక నిజముగా కాశికి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేఱి, ఏ మజిలీలో దిగుటకు చోటున్నది, ఏ ఊర సరకులు దొరకును, ఏ ఊర నీరు మంచిది యని వ్రాసికొనుచు పోయిరి. వారి పుస్తకములో కథలు లేవు. కాని ఆకలిగొన్న బాటసారికి ఆ వాక్యములకంటె మంచి సాహిత్యము ఏమున్నది?

పూటకూటింటి కథలో తియ్యని భాగమింతవఱకే.

గురజాడవారి ‘కన్యాశుల్కము’లోని పూటకూళ్ళమ్మను స్మరింపుడు. గిరీశమునకు అన్నము పెట్టినది ఆమె. సరకులు కొని తెచ్చెదనని ఆమె యొద్ద సొమ్ము పుచ్చుకొని గిరీశము దానిని మధురవాణికై వెచ్చించినాడు. ఆమె చీపురుకట్ట పుచ్చుకొని వచ్చినపుడు రంగస్థలము ముందు కూర్చున్న మనము కడుపుబ్బ నవ్వుదుము. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చి ఆలోచించిన గాని తోచలేదు, నాటకములో ఆమె వృత్తియే ఆమెకు పేరైనదని. నలుగురికి వండిపెట్టి బ్రదుకు వెళ్ళదీసిన వితంతువు ఆమె. అట్టి అమ్మలు ఆ కాలమున ఎన్ని పట్టణములలో ఎందఱు విద్యార్థులను, గుమాస్తాలను పోషించిరో లెక్క లేదు.

మఱియొక సంగతి. పూటకూటిండ్లలో ఎవరు కూర్చుండవచ్చును? ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అను పలకలను మేము బాల్యమున చూచియున్నాము. ఆ పలకను చూచి లోపలికి పోయినవారి ముచ్చట్లు గ్రంథములకెక్కినవి. చూచి ఆగిపోయినవారి మాట ఎవరు వ్రాసిరి?

మా కన్నులయెదుట జరిగిన ఒక సంఘటన చెప్పెదము. మా చిన్ననాట మా ప్రాంతమున ఒక ఊరికి బుర్రకథ దళము వచ్చినది. పల్నాటి వీరుల కథ. ఆ కథ సామాన్యమైనది కాదు. ఓరుగల్లు వీథులలో దానిని పాడుచున్న స్త్రీని మంచనశర్మయే నిలువబడి చూచినాడు. ఆ రాత్రి కథకుడు తంబుర మీటుచు బ్రహ్మనాయుని చాపకూటి ఘట్టము చెప్పినాడు. పండ్రెండవ శతాబ్దమున పల్నాట బ్రహ్మనాయుడు కులమెంచక అందఱను ఒక్కచోట చాపలపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని ప్రసిద్ధి. మాలకన్నమదాసు ఆయనకు కొడుకువంటి సేనాని. కారెంపూడిలో ఏటేట జరుగు వీరుల ఉత్సవములలో నేటికిని చాపకూటిని తలచుకొందురు. ఊరివారందఱు తెల్లవాఱుజామువఱకు కదలక వినిరి. పెద్దలు కండ్లొత్తుకొనిరి.

తెల్లవాఱినది. టీ హోటలు ముందు బల్లలపై అందఱు రాత్రి కథనే చెప్పుకొనుచున్నారు. ‘ఏమి గొంతుక, ఏమి గొంతుక’ అనుచున్నారు. ఆ గొంతుకగల మనుష్యుడు గడప అవతల వేపచెట్టు క్రింద నిలుచున్నాడు. అతనికై గోడ కొయ్యకు తగిలించిన ఒక రేకు గ్లాసు వేఱుగా ఉన్నది. అతడే దానిని దించుకొని, కడుగుకొని, పట్టినాడు. పైనుండి టీ పోసిరి. త్రాగి, మఱల కడిగి, తగిలించి, డబ్బులు గడపపై పెట్టి వెడలిపోయినాడు. హోటలులో ఎవరును మాట మానలేదు. మేమును మానలేదు. అప్పుడు మాకది వింతగా తోచకుండుటయే నేడు మాకు మిక్కిలి వింతగా నున్నది.

అప్పటికే చట్టము లేకపోలేదు. 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణమున అంగళ్ళకును, హోటళ్ళకును పోవుటకు కులము అడ్డు రాగూడదని స్పష్టముగా పేర్కొన్నది. పదునేడవ అధికరణము అంటరానితనమునే రద్దుచేసినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. రేకు గ్లాసు మాత్రము కొయ్యకు వ్రేలాడుచునే ఉండెను.

మంచి సాహిత్య గోష్ఠి జరిగిన హోటళ్ళను లెక్కించి చూచినచో ఒక విషయము మాకు తోచినది. హైదరాబాదు ఆబిడ్సులో ఒకప్పుడుండిన ఓరియంటు హోటలులో మఖ్దూం మొహియుద్దీన్ మున్నగు కవులు చేరెడివారు. ఉర్దూ కవి, తెలుగు పత్రికా రచయిత, కార్మిక నాయకుడు ఒకే బల్లకు కూర్చుండెడివారు. ఇరానీ టీ దుకాణములలో నీవెవరవని అడుగుటలేదు; కప్పు అందఱకు ఒక్కటే. కలకత్తా కళాశాల వీథిలో 1942లో వెలసిన కాఫీ హవుసును చూడుడు. కాఫీ బోర్డు ఇట్టి శాలలను మూయబూనినపుడు ఏ.కే. గోపాలన్ గారి ప్రోత్సాహముతో 1957, 58 ప్రాంతములలో పనివారే సహకార సంఘములుగా నేర్పడి దేశములో పలుచోట్ల వానిని నిలుపుకొనిరి. కవిత్వము వంటి నాజూకు వస్తువు ఎవరు కూర్చున్నను లేపని బల్లపై పెరిగినది. గోడకు కవుల పటములు తగిలించినంత మాత్రమున హోటలు సాహిత్యశాల కాదు.

మొన్నటి సంక్రాంతి వెళ్ళిన పిదప మేము కొందఱము మిత్రులము ఒక పిచ్చిపని చేసితిమి. మాకు దాపుననున్న ఒక భోజన హోటలు యజమానిని ఒప్పించి, ఒక ఆదివారమునాడు లక్ష్మణవజ్ఝల యింటి భోజనమును వండింపబూనితిమి. పట్టిక విని వంటమనిషి, ‘కర్పూరభోగి అంటే ఏ బియ్యమండీ?’ యని అడిగెను. మాలో ముగ్గురు పండితులుండియు ముగ్గురును మూడు విధముల చెప్పిరి. ఆమె విసిగి, ఇంటనున్న సన్నబియ్యమునే ఎసట వేసినది. గోధుమపిండివంట అనగా ఏదియో పద్యములో లేదు గనుక బూరెలైనవి. అరటిపండ్లు చక్కెరకేళి. నంజులు నాలుగా, ఐదా? కవి సందిగ్ధముగా విడిచినాడు. ఆమె ఆఱు చేసినది, గోంగూర లేనిదే మా వైపు భోజనము భోజనము కాదు గనుక. మన్యమునుండి వచ్చిన అడ్డాకు విస్తళ్ళు పఱచితిమి. వేడి అన్నము పడినపుడు ఆ ఆకునుండి వచ్చు వాసనను పింగాణీ పళ్ళెమున ఎన్నడును ఎఱుగము.

టబార్డు సత్రపు పందెమును కూడ అరువు తెచ్చుకొంటిమి. మేలైన కథ చెప్పినవారి భోజనపు ఖర్చు తక్కినవారిది. ఒకరు భద్రాద్రి రామదాసు చెఱసాల కథ చెప్పిరి. ఒకరు తమ తాతగారి పులి వేటను వర్ణించిరి — పులి ప్రతి సంవత్సరమును రెండు మూరలు పెరుగుచున్నది. పంక్తిలో చివర ఒక బడిపంతులు కూర్చుండెను. మేము పిలిచిన మీదట వచ్చినవాడు. రేకు గ్లాసు పట్టిన ఆ కథకుని కుమారుడే. తంబుర లేదు, వంతలు లేరు. విస్తరి ముందు కూర్చుండియే తండ్రి బాణీలో చాపకూటి ఘట్టమెత్తుకొన్నాడు. వడ్డించువారు గరిటెలతో నిలిచిపోయిరి. పెరుగు వచ్చుటకు చాలసేపు పట్టినది.

పందెమెవరిదో ఓట్లు వేయవలసిన పని లేకపోయెను. చేతులు కడుగుకొని అతని భోజనపు వెల ఇచ్చుటకు మేము గల్లాపెట్టె వద్దకు పోగా, అతడు మా చేయి పట్టుకొన్నాడు.

‘వద్దు సారూ. మా నాయన ఇన్నేండ్లు టీ తాగి పైసలు గడప మీద పెట్టి పోయిండు. నేను లోపల నిలబడి చేతికి ఇస్తా.’

యజమాని మా వంక చూచెను. మేము చేయి వెనుకకు తీసికొంటిమి. అతడు నోటు ఇచ్చినాడు. యజమాని చిల్లర లెక్కపెట్టి అతని అఱచేతిలో ఉంచినాడు.