వెంటరాని పెట్టె – చలిదేశ యాత్రికులకు కొన్ని మాటలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘమున సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగింపగలవారు పెక్కురు గలరు. నేడు నేను ఎన్నుకొన్న విషయము విమానములో మనతో బయలుదేరి, మనతో దిగని పెట్టె. ఇది అల్పవిషయముగా తోచవచ్చును. కాని మనలో పదవీవిరమణానంతరము కెనడాకో, అమెరికాకో, ఐరోపాకో బిడ్డలను చూడబోవు దంపతులు గలరు. కుమార్తె పురిటికి పోవు తల్లికి ఋతువు నెన్నుకొను స్వేచ్ఛ లేదు. ఎల్.టి.సి. పై లేహ్ నగరమునకు పోవు కుటుంబములును గలవు. విశాఖలో పెట్టె ఒకనాడు ఆలస్యమైనచో బంధువుల పంచెతో గడచిపోవును. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులయందు శీతము సున్నకు దిగువ 20 డిగ్రీల ప్రాంతమున నుండును. అచట కోటు పెట్టెలోను, పెట్టె వేరొక దేశములోను ఉన్నచో అది కేవలము అసౌకర్యము గాదు, ప్రాణాపాయము.

పెట్టె వెనుకబడుటకు కారణములు సామాన్యమైనవే. ఒక విమానము దిగి మరియొకటి ఎక్కుటకు వ్యవధి చాలనపుడు మనిషి పరుగెత్తగలడు, పెట్టె పరుగెత్తలేదు. మంచు కురిసినపుడు విమానములు ఆలస్యమై ఈ చిక్కు ఇనుమడించును. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది; అచటి గాలి పలుచన. అందుచే విమానము మోయగల బరువు తగ్గి, ఒక్కొకపుడు కొంత సామాను తరువాతి విమానమునకు ఆగును. ఇక అమెరికాలో ప్రవేశించు మొదటి విమానాశ్రయమున సాధారణముగా పెట్టెను మనమే తీసికొని, కస్టమ్స్ దాటించి, మరల అప్పగింపవలెను. గమ్యస్థానమునకు అదియే వచ్చునని పెట్టెను అచటనే విడచిపోరాదు.

కావున మొదటి సూత్రమిది: ఊరగాయ పెట్టెలో, ఉన్నికోటు ఒంటిపై. మన ఇండ్లలో తరచు జరుగునది దీనికి విపర్యయము. అల్లునికి ఆవకాయ, మనుమనికి జంతికలు అని పైపైన సర్ది, ఉన్నిబట్టలు అడుగున అణగద్రొక్కుదురు. ఒక ఉన్నిచొక్కా, లోపల తొడుగు వెచ్చని బట్టలు, చేతితొడుగులు, టోపి, రెండు జతల ఉన్ని మేజోళ్లు చేతిసంచిలో నుండవలెను. నూలుబట్ట తడిసినచో వెచ్చదనము నిలుపదు. ఉన్ని కొంత నిలుపును. మందులన్నియు, వైద్యుని చీటితో సహా, చేతిసంచిలోనే యుండవలెను. ఇన్సులిన్ గడ్డకట్టినచో పనికిరాదు గనుక దానిని పెట్టెలో వేయనే రాదు. దంపతులు ఇద్దరి బట్టలను రెండు పెట్టెలలోను కలిపి సర్దుకొన్నచో, ఒకటి రాకున్నను ఇద్దరికిని కట్టుబట్టలుండును.

రెండవది: పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, విమానాశ్రయము వీడకముందే, విమాన సంస్థవారి సామాను విభాగమున ఫిర్యాదు వ్రాయించి, ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు అను పత్రమును తీసికొనవలెను. పెట్టె చీటి, బోర్డింగు పాసు భద్రపరుపవలెను. పెట్టెకు ముందుగనే ఛాయాచిత్రము తీసియుంచుట మంచిది. నల్లపెట్టెలు వేలకొలది గలవు. మనది ఏదియో వర్ణించుట కష్టము.

మూడవది: మన హక్కు. అంతర్జాతీయ ప్రయాణములకు 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక వర్తించును. భారతదేశము 2009లో ఇందు చేరినది. సామాను ఆలస్యమువలన కలిగిన నష్టమునకు విమాన సంస్థ బాధ్యత వహింపవలెను. నివారణకు తగిన చర్యలన్నియు తీసికొంటిమని నిరూపించినచో మాత్రము తప్పించుకొనవచ్చును. 2024 డిసెంబరు 28 నుండి ఒక్కొక్క ప్రయాణికునకు గరిష్ఠ పరిమితి 1,519 ఎస్.డి.ఆర్.లు, ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడు లెక్కింపు ప్రమాణము. ఇది గరిష్ఠమే గాని, అడిగినవారికెల్ల దక్కు మొత్తము గాదు. పెట్టె చేతికందిన నాటినుండి 21 దినములలో వ్రాతపూర్వకముగా కోరవలెను. పెట్టె చెడిపోయి వచ్చినచో గడువు 7 దినములే. గడువు దాటిన హక్కు పోయినట్లే. రావలసిన దినము నుండి 21 దినములైనను రాని పెట్టెను పోయినదిగా భావించి నష్టపరిహారము కోరవచ్చును. దేశములోపలి ప్రయాణములకు వేరుగా, దీనికంటె చాల తక్కువ పరిమితి గలదు.

నాలుగవది: ప్రయాణ బీమా. షెంగెన్ వీసాకు కనీసము 30,000 యూరోల బీమా కావలెను. కాని ఆ నియమము వైద్యమునకు, స్వదేశమునకు చేర్చు వ్యయమునకు సంబంధించినది. అందు పెట్టె ఆలస్యము చేరియున్నదో లేదో వేరుగా చూచుకొనవలెను. ఎన్ని గంటల ఆలస్యమునకు పిమ్మట చెల్లింతురు? ఎంతవరకు? ఏ వస్తువులకు? చాల పాలసీలు అత్యవసర వస్తువులకు, అదియు రసీదు చూపినపుడే చెల్లించును. నగలు, నగదు సాధారణముగా చేరవు. తిరుగు ప్రయాణమున ఇల్లు చేరిన పిమ్మటి ఆలస్యమునకు పెక్కు పాలసీలలో చెల్లింపు లేదు. మధుమేహము, రక్తపుపోటు ఉన్నచో దరఖాస్తులో దాచరాదు. దాచినచో పెట్టెకంటె పెద్దదగు ఆసుపత్రి ఖర్చే తిరస్కరింపబడవచ్చును.

ఫండమెంటల్ రూల్సును ఉపనియమములతో సహా అప్పగింపగల మనము, మన బీమాపత్రమును మాత్రము చదువకుండ మడచి పెట్టుట వింతగాదా? దానిని ఒక సాయంకాలము దంపతులు కలసి చదువుడు. ఒక ప్రతిని బిడ్డలకు పంపుడు. మంచులో దిగిన తల్లిదండ్రులు వెచ్చగా ఇల్లు చేరుట ముఖ్యము. ఆవకాయ రెండు దినములు ఆలస్యముగా వచ్చినను దాని రుచి చెడదు.