చక్రాల కుర్చీ ఆటగాళ్లు – ఎండ జాగ్రత్తలు



వెన్నుపాము దెబ్బతిన్నా చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లున్నారు. వాళ్లకు ఎండ మనకన్నా ఎక్కువ ప్రమాదం. ఎందుకంటారా? దెబ్బ తగిలిన చోటుకు కింద చెమట సరిగా పట్టదు. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే, చెమట లేదు కదా, అలసిపోలేదులే అనుకోకండి. ఆట పొద్దున్నే పెట్టుకోండి. ఒంటిమీద నీళ్లు చిలకరించండి. మధ్యమధ్య నీడకు తీసుకురండి.

కొందరు నీళ్లు తాగరు. మైదానంలో కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉండదని భయం. అది వాళ్ల తప్పు కాదు. మైదానం కట్టినవాళ్లది.

ఇంకో మాట. స్పర్శ లేని చోట కాలినా, ఒరుసుకున్నా తెలియదు. ఎండలో కాగిన కుర్చీ గొట్టం తొడకు తగిలినా తెలియదు. ఆట అయ్యాక తొడలు, పిరుదులు, మడమలు చేతి అద్దంతో చూసుకోవాలి. ఎర్రమచ్చ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇది మాత్రం బాగా గుర్తుంచుకోండి. మెడ దగ్గరో, ఛాతీ పైభాగంలోనో వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తలపోటు వచ్చి, ముఖం ఎర్రబడితే ఆట ఆపేయండి. బీపీ ప్రమాదకరంగా పెరిగి ఉండొచ్చు. పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రం గొట్టం మడతపడిందేమో చూడండి. తలపోటు తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.