మావి దాకా చేరిన మసి



కువైట్‌లోని ఖైతాన్‌లో మీరు పట్టాలందుకుంటున్న ఈ సభలో కార్బన్ నానో పదార్థాలు, సంతానం గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకాయన కాస్త ఇబ్బందిపడ్డారు. "పట్టాల పండుగనాడు ఆ మాటలెందుకు సార్?" అన్నారు. ఇంకో నాలుగైదేళ్లలో మీలో చాలామందికి పెళ్లిళ్లవుతాయి. ఏడాది తిరక్కముందే రాయచోటి నుంచో రాజోలు నుంచో ఫోన్లు మొదలవుతాయి, "ఏమన్నా విశేషమా?" అని. ఈలోగా మీలో కొందరు నర్సులవుతారు, కొందరు ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లవుతారు. ఈ మాటలు మీకు ఇప్పుడే చెప్పాలి.

1991 నవంబరు 6న కువైట్‌లో ఆఖరి చమురుబావి మంట ఆరింది. ఆ ఫిబ్రవరిలో ఇరాకీ సేనలు వెనక్కి పోతూ ఆరువందలకు పైగా బావులకు నిప్పు పెట్టాయి. నెలల తరబడి బుర్గాన్ చమురుక్షేత్రం మీద ఆకాశం మసి కమ్మి ఉంది. మంట ఆరిన మర్నాడే, నవంబరు 7 నాటి 'నేచర్' పత్రికలో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోనాళికల మీద తన వ్యాసం ప్రచురించారు. తేదీలు కాకతాళీయంగా కలిశాయి, అంతే. కానీ నేను చెప్పబోయే రెండు రకాల కార్బనూ ఆ రెండు రోజుల్లోనే ఉంది: పనిగట్టుకుని తయారుచేసేది ఒకటి, పొగలోంచి అదే పుట్టేది ఇంకొకటి.    

మొదటి రకం, అంటే పనిగట్టుకుని తయారుచేసే నాళికల సంగతి. నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు. అంత సన్నని నాళికలు రక్తంలో పడితే ఎక్కడికి పోతాయి? 2010లో చైనా పరిశోధకులు నీటిలో కలిసేలా మార్చిన నాళికలను మగ ఎలుకల సిరల్లోకి పదేపదే ఎక్కించి చూశారు. అవి వృషణాలకు చేరాయి. అక్కడ ఆక్సీకరణ ఒత్తిడి పుట్టించాయి. వీర్యకణాలు తయారయ్యే పొర పదిహేనో రోజుకు పలచబడింది. అరవయ్యో రోజు చూస్తే పొర మళ్లీ బాగుపడింది. వీర్యకణాల లెక్క తగ్గలేదు, హార్మోన్లు చెదరలేదు, ఆ ఎలుకలతో జతకట్టిన ఆడ ఎలుకలు మామూలుగానే ఈనాయి. ఇందులో సగం చదివినవాడు "నానోతో మగతనం పోతుంది" అని వాట్సాప్‌లో పెడతాడు. మిగతా సగం చదివినవాడు "ఏమీ కాదు, తుడిచేసుకోండి" అంటాడు. మీరు రెండు సగాలూ చదవాలి. దానికే ఈ పట్టా.

ఆడ ఎలుకల విషయంలో ఇంత నిబ్బరంగా మాట్లాడలేను. 2011లో రోమ్ పరిశోధకులు గర్భం నిలిచిన తొలిరోజుల్లోనే ఒంటిగోడ (ఒకే పొర ఉన్న) నాళికలు ఎక్కించారు. గర్భస్రావాలయ్యాయి, పిండాలకు అవకరాలు వచ్చాయి. ఎలుకకు వంద నానోగ్రాములు ఇచ్చినా ఫలితం కనబడింది. అవకరం వచ్చిన పిండాల మావిలో రక్తనాళాలు దెబ్బతిన్నాయి. సరిగ్గా ఉన్న పిండాల మావిలో ఆ దెబ్బ లేదు. జపాన్‌లో ఇంకో ప్రయోగం: చూలు ఎలుకల శ్వాసనాళంలో 14 నానోమీటర్ల కార్బన్ రేణువులు వేశారు. పుట్టిన మగపిల్లలు పెద్దయ్యాక వాటిలో వీర్యకణాల ఉత్పత్తి తగ్గింది. మోతాదు తల్లికి, నష్టం కొడుక్కి.

ఎలుకకు సిరలో ఎక్కించినదాన్ని మనిషి పీల్చేదానితో సమానం చేయకూడదు. మోతాదు వేరు, దారి వేరు. ఇక రెండో రకానికి వస్తాను, నాకు ఎక్కువ దిగులు దాని గురించే. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు సిగరెట్ తాగని తల్లుల మావిని పరీక్షిస్తే, బిడ్డవైపు కూడా పొగమసి రేణువులు కనబడ్డాయి. ఇంటి చుట్టూ గాలిలో మసి ఎక్కువగా ఉన్నవాళ్లలో ఎక్కువగా కనబడ్డాయి. 2022లో అదే బృందం, స్కాట్లాండ్ వాళ్లతో కలిసి, ఇంకా పుట్టని పిండాల కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులో వాటిని చూపించింది. ఈ రేణువులు సిరలో ఎవరూ ఎక్కించినవి కావు.

ఆ పొగ మనకు కొత్తదా? ఎయిర్‌పోర్టు రోడ్డు మీద డీజిల్ బండ్లు, పక్కనే విమానాశ్రయం, ఇళ్లల్లో బొగ్గు మీద బఖూర్ ధూపం. ఇక్కడి అర్హియాలో గుట్టలుపడ్డ నాలుగు కోట్లకు పైగా పాత టైర్లను 2021లో అల్ సాల్మీకి తరలించారు. టైరును అంత నల్లగా, గట్టిగా చేసేది కార్బన్ బ్లాక్ అనే మసిపొడే. టైర్ల గుట్ట అంటుకుంటే ఎంత మసి లేస్తుందో ఊహించుకోండి.

మీలో బ్యాటరీ, పెయింటు, ప్లాస్టిక్ కంపెనీల్లో చేరేవాళ్లకు ఒక మాట. నాళికల పొడికి అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ 2013లో సూచించిన హద్దు, పని గంటల సగటున ఘనపు మీటరు గాలికి 1 మైక్రోగ్రాము. అది ఊపిరితిత్తులను చూసి పెట్టిన హద్దు. గర్భిణి ఆ గదిలో పనిచేయవచ్చా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. పొడి సంచి విప్పేచోట గాలి లాగే హుడ్ ఉందా, మాస్కు మొహానికి సరిగ్గా అతుకుతోందా అని అడగండి. అడిగితే సూపర్‌వైజర్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

నర్సులయ్యేవాళ్లతో ఇంకొంచెం చెప్పాలి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి అనుభవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన ఇళ్లల్లో మాత్రం నింద ఒక్కరి మీదే పడుతుంది. మొగుడు పదేళ్లుగా వెల్డింగ్ షెడ్‌లోనో, ఎండకు కాగిన ట్రక్కు క్యాబిన్‌లోనో ఉంటాడు. వీర్యకణాలు సరిగ్గా తయారవ్వాలంటే వృషణాలు ఒంటికంటే చల్లగా ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఇంటి దగ్గర భార్య మాత్రం స్కానింగ్ మీద స్కానింగ్ చేయించుకుంటూ, మొక్కులు మొక్కుతూ ఉంటుంది. తప్పంతా నానో కార్బన్‌దేనని నేననను. వేడి ఉంది, సిగరెట్ ఉంది, ఏడాదికో రెండేళ్లకో ఒక్క నెల కలిసి ఉండే కాపురం ఉంది. అందుకే మీ ఎదుట దంపతులు కూర్చున్నప్పుడు, ఆమె నెలసరి గురించి అడిగే ముందు ఆయన పనేమిటో అడగండి. ఎన్నేళ్లుగా, ఏ పొగలో, ముక్కుకు ఏం కట్టుకుని అని అడగండి. ఆయనకు వీర్యపరీక్ష ముందే రాయించండి. దానికి సూది లేదు, కోత లేదు. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, ఫలితం బాగా లేకపోతే, ఆయన సిగరెట్ మానేశాకో షెడ్ మారాకో మూడు నెలలు ఆగి మళ్లీ చేయించండి. ఆ మూడు నెలలూ ఆమెను ఎవరూ ఏమీ అనకుండా ఉండాలని, వెంట వచ్చిన అత్తగారికి కూడా మీరే చెప్పాలి. డాక్టరుగారికి అంత తీరిక ఉండదు.